ఆగుదామా?

లిథోస నగర సేనాపతి ఆర్కెలాస్ చేసిన తప్పు యుద్ధం గెలవడం కాదు, గెలిచొచ్చాక నోరు విప్పడం. పొరుగు పట్నం స్క్లెరా వాళ్ళని తరిమికొట్టి, దుమ్ము కూడా దులుపుకోకుండా స్నానశాలకి వెళ్ళి, వీపు రుద్దేవాడితో "నేను గెలిచానురా" అన్నాడట. వీపు రుద్దేవాడు ఆ మాట మంగలికి చెప్పాడు. మంగలికి చెప్పాక ఇంకెవరికీ విడిగా చెప్పనక్కర్లేదు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే గొణుగుడు.

"నేనేమిటి, నేను? ఈటెలు పట్టుకుని నిలబడ్డది మనం కాదూ?"

లిథోస గ్రీకు దేశంలో సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కున్న చిన్న నగర రాజ్యం. అక్కడ రాజు లేడు. తమకి రాజు లేడని చెప్పుకోవడం అక్కడి వాళ్ళ ముఖ్యమైన వృత్తి. తీరిక దొరికితే ఆలివ్ నూనె తీసేవారు.

మర్నాడే మహాసభ కూడింది. ఆడవాళ్ళకి సభలో ప్రవేశం లేదు. అయితే సభ జరిగే దిబ్బ కిందే ఊరి మంచినీళ్ళ బావి ఉంది కాబట్టి, ఏ తీర్మానమైనా మగవాళ్ళు చేతులెత్తేలోపే ఆడవాళ్ళు దాని మీద ఒక అభిప్రాయానికి వచ్చేసేవారు. అంజూరపళ్ళ వ్యాపారి ఫిలోన్ భార్య మెలిత్త ఆ రోజు కడవ నిండినా కదలకుండా విన్నది.

పైన సంస్కర్త పొలిథెమిస్ మాట్లాడుతున్నాడు. ఆయన ఎప్పుడూ రాతి మీద చెక్కించడానికి వీలుగా మాట్లాడతాడు.

"సభాసదులారా! ఏకవచనమే నిరంకుశత్వానికి ప్రథమ సోపానం. ఈ రోజు 'నేను గెలిచాను' అన్నవాడు రేపు 'నేను పాలిస్తాను' అనడని హామీ ఏది?"

"మరి 'మేము గెలిచాం' అనొచ్చా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"అనరాదు! 'మేము' అన్నచోట వినేవాడు గుమ్మం బయట నిలబడి ఉంటాడు. ఇందుమూలముగా 'మనం' ఒక్కటే చెల్లుబాటు."

అలా ఒక్కడి చేతిలో ఉన్న సేనాపతి పదవి పది ముక్కలైంది. ఊళ్ళో పది తెగలు. తెగకొక సేనాపతి. రోజుకొకరు వంతులవారీగా ఏలతారు. ఎన్నికల్లో గొప్పవాళ్ళే గెలుస్తారు కాబట్టి, ఆ పక్షపాతం కూడా లేకుండా కుండలో చిక్కుడు గింజలు పోసి, చెయ్యి పెట్టినవాడికి తెల్ల గింజ వస్తే సేనాపతి, నల్లది వస్తే మామూలు మనిషి. ఇంతకు ముందు సేనాపతిగా చేసిన వాళ్ళు అనుభవం ఉన్న కారణంగా అనర్హులు.

ఆ సాయంత్రం ఫిలోన్ పిడికిలి మూసుకుని ఇంటికొచ్చాడు.

"మెలిత్తా, నాకు తెల్ల గింజ వచ్చిందే."

"పులుసులో వేద్దామంటే ఒక్క గింజ ఏ మూలకండీ?"

"ఇది పులుసు గింజ కాదే. సేనాపతి గింజ."

మెలిత్త గింజని చూసింది, మొగుణ్ణి చూసింది. ఫిలోన్ ఎంత నెమ్మదస్తుడంటే తన గాడిదని కూడా ఏనాడూ అదిలించి ఎరగడు. "పోదామా, బంగారూ?" అని అడుగుతాడు. బంగారం ఆలోచించుకుని, ఇష్టమైతే కదులుతుంది. అంగడికి అందరికంటే ఆలస్యంగా వెళ్ళేది వాళ్ళిద్దరే.

"ఎవరి వంతు రోజున సైన్యం ఓడిపోతే ఏమవుతుందట?" అని అడిగింది.

ఫిలోన్ గొంతు సవరించుకున్నాడు. "ఏముందీ... ఆ సేనాపతి ఇంటి కప్పు పీకించి, కుటుంబాన్ని ఎల్లలు దాటిస్తారట. అయినా యుద్ధం ఎక్కడొస్తుందిలే."

మెలిత్త తల పైకెత్తి చూసింది. ఎన్నో ఏళ్ళు పోరగా పోరగా క్రిందటి శరత్తులో ఆ ఇంటికి కొత్త పెంకులు పడ్డాయి. అంతకు ముందు వానొస్తే ఆమె రాత్రిళ్ళు నిద్రపోలేదు. చుక్క పడిన చోటల్లా గిన్నె జరుపుతూ, నిండిన గిన్నెలు పారబోస్తూ తెల్లవార్చేది. పొడిగా ఉన్న ఇంట్లో ఆమె గడిపింది ఒక్క వానాకాలం.

"పెంకులు ఎర్రగా ఎంత బాగున్నాయో కదండీ," అంది.

ఫిలోన్ ఆ రాత్రి సరిగా తినలేదు.

సంస్కరణ అనేది దోసెల పిండి లాంటిది. ఒకసారి పొంగడం మొదలెట్టాక మూత వేస్తే ఆగదు. పదిమంది సేనాపతులూ సమానమే, బాగానే ఉంది. కాని సేనాపతికీ సిపాయికీ మధ్య సమానత్వం ఏదని పొలిథెమిస్‌కి సందేహం వచ్చింది. ఆ నెలలోనే మళ్ళీ సభ.

"'నడవండి' అనే విధ్యర్థక క్రియను పరిశీలించండి. అందులో అన్నవాడు పైన, విన్నవాడు కింద. ఒక క్రియాపదంలో ఇంత దౌర్జన్యం ఇమిడి ఉండగా మనం రాజు లేడని సంతోషించడం ఆత్మవంచన. కావున ఇకపై సైన్యంలోనూ, ఇళ్ళలోనూ, సకల వ్యవహారాల్లోనూ 'నడుద్దామా?' అన్న ప్రస్తావనా రూపమే వాడవలెను. ప్రస్తావనకు పది తెగలూ సమ్మతించిన మీదటే ఆచరణ. దీనినిగాని, 'మనం' నిబంధననుగాని ఉల్లంఘించినవారు ఎవరైననూ, ఓడిన సేనాపతి వలెనే, ఇంటి కప్పు పీకబడి దేశబహిష్కృతులగుదురు."

చప్పట్లు మోగాయి. 'చప్పట్లు కొట్టండి' అని ఎవరూ అనలేదు కాబట్టి అది చట్టబద్ధమే.

నిజానికి ఈ చట్టం ఫిలోన్‌కి కుట్టించినట్టు సరిపోయింది. మిగతా సేనాపతులు నాలుక కరుచుకుంటూ, మధ్యలో మింగుతూ అవస్థ పడుతుంటే, అతను పుట్టుకతోనే ఆ భాష మాట్లాడుతున్నాడు. గాడిదకి మాత్రం తేడా తెలియలేదు.

ఇళ్ళు తనిఖీ చెయ్యడానికి క్రియాపద పరిశీలనాధికారి అని ఒక కొత్త ఉద్యోగం పుట్టింది. ఆయన ఒకరోజు పొద్దున్నే మెలిత్త ఇంటికొచ్చి, మూల పీట మీద కూర్చుని, చెవులు రిక్కించాడు.

"నీళ్ళు కాగాయండీ," అంది మెలిత్త వంటింట్లోంచి. ఫిలోన్ లేచి స్నానానికి వెళ్ళాడు.

"కట్టెలు అయిపోవచ్చాయి." ఫిలోన్ గొడ్డలి తీసుకుని పెరట్లోకి నడిచాడు.

"మబ్బు పట్టింది." ఫిలోన్ పరుగెత్తుకొచ్చి ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చాడు.

"గాడిద ఎందుకో దిగులుగా ఉంది." ఫిలోన్ గడ్డి వేశాడు.

పరిశీలనాధికారి మధ్యాహ్నం దాకా విని, పరవశించిపోయాడు. "ఆహా! పొద్దుట్నుంచి ఒక్క విధ్యర్థకం వినపడలేదు. కేవలం వాస్తవ నివేదనలు! అమ్మా, మీది ఆదర్శ గృహం. ఇంత సమానత్వం నేను... క్షమించాలి, మనం... ఎక్కడా చూడలేదు."

"అయ్యో, ఎండ తగ్గింది," అంది మెలిత్త. పరిశీలనాధికారి లేచి చెప్పులు వేసుకున్నాడు.

అంతలో స్క్లెరా వాళ్ళు మళ్ళీ బయలుదేరబోతున్నారని కబురొచ్చింది. వాళ్ళకి ఒక్కడే రాజు, ఒకటే మాట. వచ్చే తారీఖు మాత్రం తెలియదు. ఆ కబురు రాగానే సేనాపతులందరికీ ఒకరి మీద ఒకరికి ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. తన వంతు రోజుని ఇంకొకరికి బహుమతిగా ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ఇక చూడండి. మన గృహప్రవేశాల్లో వచ్చిన గోడగడియారం రంగుకాగితం కూడా విప్పకుండా ఇంకో గృహప్రవేశానికి వెళ్ళినట్టు, ఆ రోజులు ఇంటింటికీ తిరిగాయి.

పక్కింటి ఫాన్యా తెల్లారగానే పళ్ళెంలో తేనెరొట్టెలు పెట్టుకుని వచ్చింది. ఆమె మొగుడు నూనె గానుగ యజమాని, అతనూ సేనాపతే.

"వదినా, మా ఆయన తన రోజు అన్నయ్యగారికి ఇద్దామనుకుంటున్నారు. ఏదో అభిమానం."

"ఎంత పెద్ద మనసు వదినా! కాని ఆ రోజు మొన్న చెప్పులు కుట్టే ఆయన మీకిచ్చిందే కదూ?"

ఫాన్యా రొట్టెల మీద తేనె సర్దింది. "వాడలేదు వదినా. కొత్తదే."

మెలిత్త ఆ పళ్ళాన్ని మర్యాదగా వెనక్కి పంపింది. కాని గుమ్మం దగ్గర ఆపినది అంగట్లో దూరింది. ఫిలోన్‌కి వద్దని చెప్పడం చేతకాదు. పళ్ళబండి దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేసిన ప్రతి సేనాపతి దగ్గరా అతను "అయ్యో, మనలో మనకేమిటి" అని పుచ్చుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మెలిత్త అడిగింది. "ఇవాళ ఎవరి రోజండీ?"

"మనదే."

"రేపు?"

"మనదే."

"ఎల్లుండి?"

ఫిలోన్ గిన్నెలోకి చూస్తూ, "మనదేనే," అన్నాడు.

ఒక్కడి పెత్తనం ఉండకూడదని పదిమందిని పెట్టుకున్న ఊరు, ఎవరికీ తెలియకుండా మళ్ళీ ఒక్కడి కిందకి వచ్చి కూర్చుంది. ఆ ఒక్కడూ గాడిదని బతిమాలే మనిషి. అంటే స్క్లెరా వాళ్ళు ఏ రోజు వచ్చినా సరే, ఊడేది మెలిత్త ఇంటి పెంకులే.

యుద్ధానికి ముందు ఇంకొక్క అసమానత మిగిలింది. గ్రీకు సైన్యంలో ప్రతివాడూ డాలు ఎడమ చేతికి తొడుక్కుంటాడు. అది సగం అతన్ని, సగం ఎడమపక్క వాణ్ణి కాస్తుంది. కాబట్టి ప్రతివాడూ తన కుడిపక్క వాడి డాలు చాటుకి ఒదుగుతుంటాడు. దాంతో వరుస మొత్తం మెల్లగా కుడివైపుకి జరుగుతూ పోతుంది. అందరికంటే కుడి చివర ఉన్నవాడికి మాత్రం ఆసరా ఉండదు. అందుకే అది గౌరవ స్థానం. ఆ గౌరవం మాకంటే మాకని పది తెగలూ సభలో కొట్టుకున్నాయి. శత్రువు వస్తున్నాడని తెలిశాక మీకంటే మీకని కొట్టుకున్నాయి.

పొలిథెమిస్ కళ్ళు మూసుకుని ఆలోచించి, తెరిచాడు. "దోషం కుడిలో లేదు. చివరలో ఉంది. చివర అనేది ఉన్నంతకాలం చివరివాడు ఉంటాడు. కావున మన సైన్యం ఇకపై వృత్తాకారంలో నిలుచును. వృత్తానికి చివర లేదు. ప్రతివాడికీ కుడిపక్కన ఒక డాలు. ప్రతివాడూ ప్రతివాడికీ రక్షకుడు!"

జనం కళ్ళు చెమర్చాయి. కొందరు వెంటనే చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి చూశారు కూడా.

స్క్లెరా సైన్యం వచ్చిన రోజు ఆకాశం కడిగినట్టుంది. ఆడవాళ్ళందరూ కోటగోడ ఎక్కారు. మధ్యాహ్నం భోజనాలకి అక్కడే పొయ్యిలు పెట్టి, పప్పుపులుసు కుండలు ఎక్కించి, బార్లీ రొట్టెలు మూటలు కట్టి ఉంచారు. మెలిత్త పక్కన పాత సేనాపతి ఆర్కెలాస్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అనుభవం ఉన్న కారణంగా ఆయన్ని కిందికి దిగనివ్వలేదు.

కింద మైదానంలో లిథోస సైన్యం గుండ్రంగా, ముఖాలు బయటికి పెట్టి నిలబడింది. నడుమ సన్నాయి వాయించేవాడు. అతని పక్కన ఫిలోన్ గాడిద. బంగారం లేకుండా ఫిలోన్ ఎక్కడికీ వెళ్ళడు.

శత్రువు కనబడగానే ప్రతివాడూ కుడిపక్క వాడి డాలు చాటుకి ఒక్క అంగుళం ఒదిగాడు. ఆ పక్కవాడు తన పక్కవాడి చాటుకి ఇంకొక అంగుళం. మామూలు వరుసైతే కుడివైపుకి జరిగేది. ఇది గుండ్రం కదా, తిరగడం మొదలైంది. తిరుగుతుంటే సన్నాయివాడు తాళం అందుకున్నాడు. తాళం రాగానే అడుగులు కలిశాయి. చూస్తుండగానే లిథోస సైన్యం గాడిద చుట్టూ అచ్చం మన గుళ్ళో ప్రదక్షిణం చేసినట్టే, కుడిగా, భక్తిగా తిరగసాగింది.

"ఆగుదామా?" అని ఫిలోన్ గొంతు గోడ మీదికి సన్నగా వినిపించింది.

"ఆగుదాం!" అన్నారు ఆ క్షణాన వెనకవైపున్న తెగలవాళ్ళు ఉత్సాహంగా.

"ఇంకొంచెం నడుద్దాం!" అన్నారు శత్రువుకి ఎదురుగా ఉన్నవాళ్ళు.

ఇంతలో చక్రం తిరిగింది. ముందువాళ్ళు వెనక్కొచ్చి "ఆగుదాం, ఆగుదాం" అన్నారు. వెనకవాళ్ళు ముందుకొచ్చి "నడుద్దాం" అన్నారు.

ఆర్కెలాస్ తల కొట్టుకున్నాడు. "చూశావా అమ్మాయ్? ప్రతివాడూ ఆగుదామనే అంటున్నాడు. కాకపోతే శత్రువు ఇంకొకడి ఎదురుగా ఉన్నప్పుడే ఆగుదామంటున్నాడు."

"మీరు కేకేస్తే ఆగరా బాబాయ్?"

"'ఆగండి' అంటే ఆగుతారు. ఆ మాట అన్నందుకు నన్ను ఊరు దాటిస్తారు. అదుగో, నీ ఆదర్శ గృహం ఆయన అక్కడే కూర్చున్నాడు." పరిశీలనాధికారి గోడ మూల చెవి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

అవతల స్క్లెరా సైన్యం నిలిచిపోయింది. వాళ్ళు మహా దైవభీతి కలవాళ్ళు. పూజ మధ్యలో కత్తి దూస్తే కళ్ళు పోతాయని వాళ్ళ నమ్మకం. గాలి ఇటు వీస్తుండటం వల్ల వాళ్ళ రాజు మాటలు గోడదాకా వినపడ్డాయి.

"ఏం చేస్తున్నార్రా వాళ్ళు?"

"పూజ, ప్రభూ."

"ఏ దేవుడికి?"

"మధ్యలో గాడిద ఉంది, ప్రభూ."

రాజు గాడిదకేసి తేరిపార చూశాడు. "ఎవరి దేవుడు వాళ్ళకి. అయిపోయేదాకా ఆగండి."

ఆయన ఆగండి అన్నాడు, వాళ్ళు ఆగారు. ఆర్కెలాస్ అసూయగా నిట్టూర్చాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. మెలిత్త కళ్ళు ఫిలోన్‌ని వెతికాయి. చక్రంలో అతను గోడవైపుకి వచ్చినప్పుడల్లా ముఖం ఇంకాస్త ఎర్రబడి ఉంది. కొందరి కాళ్ళు తడబడుతున్నాయి. ఒకడు పడితే వాడి మీద ఇంకొకడు, ఆ మీద పది తెగలూ సమానంగా పడతాయి. పూజ అయిపోయిందని స్క్లెరా వాళ్ళు ఈటెలెత్తుతారు. ఓటమి ఫిలోన్ రోజున. ఆమె తల తిప్పి ఊళ్ళోకి చూసింది. మిగతా కప్పుల మధ్య తన ఎర్రపెంకులు దూరం నుంచి కూడా తెలుస్తున్నాయి.

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కుండ మూత తీసింది. పులుసు ఉడికింది. గిన్నెలు వరసగా పరిచి, గరిటెతో పోసింది. మిగతా ఆడవాళ్ళు ఏమిటీ అన్నట్టు చూసి, తామూ పోశారు. అప్పటికి గాలి అటు తిరిగింది కాబట్టి, ఇంగువ లేకపోయినా వెల్లుల్లి వాసన గోడ దిగి మైదానం మీదికి నడిచింది. మెలిత్త గోడ అంచున నిలబడి, రోజూ వంటింట్లోంచి పెరట్లోకి వేసే కేకే వేసింది.

"ఏమండీ! వడ్డించేశానూ!"

ఫిలోన్ ఆగిపోయాడు. అది అతను ఆలోచించి చేసిన పని కాదు. అతని వెనకవాడూ ఆగాడు. ఎందుకంటే ఆ దూరానికి గొంతు ఎవరిదో తెలియలేదు, మాట మాత్రం ప్రతివాడికీ తెలుసు. పది తెగల మగవాళ్ళూ ఒక్కసారిగా డాళ్ళు దించారు. సన్నాయివాడు స్వరం సగంలో వదిలేశాడు. ముందు తెగ, వెనక తెగ అన్న తేడా లేకుండా అందరూ శత్రువుకి వీపు చూపించి, చేతులు దులుపుకుంటూ కోటగోడ వైపు నడిచారు. గోడనీడన బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. గిన్నెలు దిగాయి.

స్క్లెరా రాజు నోరు తెరుచుకుని చూశాడు.

"వీపు తిప్పారు ప్రభూ. పడదామా?" అన్నాడు పక్కనున్నవాడు కంగారులో.

"ఒరే మూర్ఖుడా! ఇంత సైన్యం ఎదురుగా ఉంటే భోజనాలకి కూర్చున్నారంటే, ఆ కొండ వెనక ఇంకెంత సైన్యం ఉండాలి? రెండోసారి పప్పు వడ్డించుకుంటున్నారు చూడు! అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? వెనక్కి తిరగండి!"

స్క్లెరా సైన్యం వెళ్ళిపోయింది. లిథోస వాళ్ళకి ఆ సంగతి రొట్టెలు అయిపోయాక తెలిసింది.

మర్నాడు విజయోత్సవ సభ. గెలిచింది ఎవరని రాయి మీద చెక్కాలన్నది మొదటి సమస్య. పదిమంది పేర్లు గుండ్రంగా చెక్కడానికి నిర్ణయమైంది. ఆ రోజు ఫిలోన్‌దేనని ఎవరికీ గుర్తులేదు. అది అతనికీ హాయిగానే ఉంది.

రెండో సమస్య పొలిథెమిస్ లేవనెత్తాడు.

"విజయం సంస్కరణలదే. అయితే ఒక విచారకరమైన అంశం. నిన్న యుద్ధభూమిలో ఒక స్త్రీ ఆజ్ఞ వంటిది జారీ చేసినట్టు నివేదిక అందింది."

పరిశీలనాధికారి లేచి, నిజాయితీగా చెప్పాడు. "అది విధ్యర్థకం కాదండీ. వాస్తవ నివేదన. వడ్డించింది, వడ్డించానంది."

"అక్కడే ఉంది కుట్ర!" పొలిథెమిస్ వేలెత్తాడు. "'వడ్డించేశాను.' ఆ పదం చివర చూద్దామా? 'ను'! క్రియాపదం తోకలో 'నేను' దాక్కుని ఉంది. ఆర్కెలాస్ బహిరంగంగా అన్నది ఈమె తోకలో అన్నది. శిక్ష తెలిసిందే. ఇంటి కప్పు, ఎల్లలు."

ఫిలోన్ ముఖం పాలిపోయింది. ఆడవాళ్ళు సభలో మాట్లాడకూడదు కనక మెలిత్త దిబ్బ అంచున, బావి మెట్ల మీద నిలబడి మొగుడితో అంది. అందరికీ వినబడిందనుకోండి, అయినా పద్ధతి పద్ధతే.

"ఏమండీ, తప్పు తప్పే. ఒప్పేసుకుందామా?"

"తప్పు తప్పేనంటోందండీ," అన్నాడు ఫిలోన్ సభతో.

"ఇకనుంచి దిద్దుకుందాం. ఒక్కదాన్నే వడ్డించడం మహాపరాధం. ఇవాళ్టి నుంచి మన ఇంట్లోనూ, ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఆడవాళ్ళం 'మనం వండుకుందామా? మనం వడ్డించుకుందామా?' అనే అంటాం. పది తెగలూ సమ్మతించాక పొయ్యి వెలిగిద్దాం. ఎవరి వంతు రోజున వాళ్ళు పప్పు కడుగుతారు. మాడిపోతే ఎవరి కప్పు పీకాలో సభవారే నిర్ణయిస్తారు."

బావి దగ్గర ఫాన్యా, తక్కిన ఆడవాళ్ళూ కడవలు కింద పెట్టి, "అలాగే అంటాం" అన్నారు.

ఫిలోన్ ఇదంతా సభకి తిరిగి చెప్పడానికి నోరు తెరిచాడు. అవసరం లేకపోయింది. అప్పటికే సభలో మగవాళ్ళంతా ఎవరికి వాళ్ళు పప్పు కడగడం ఊహించుకుంటున్నారు. ముందు గానుగ యజమాని చెయ్యి లేచింది. తర్వాత చెప్పులు కుట్టేవాడిది. ఆ తర్వాత లేవని చెయ్యి లేదు. కేసు కొట్టివేయాలని ఎవరూ ప్రతిపాదించకుండానే కేసు కొట్టుడుపోయింది. సంస్కరణలు వచ్చాక పది తెగలూ ఒక్క మాట మీదికి వచ్చిన మొదటి తీర్మానం అది. పొలిథెమిస్ చుట్టూ చూసి, తన చెయ్యి కూడా ఎత్తాడు. ఆయన బ్రహ్మచారి. పూటకొక ఇంట్లో భోంచేస్తాడు.

"ఇంకా మిగిలిన అంశాలు పద్నాలుగు..." అని ఆయన మొదలెట్టాడు.

మెలిత్త కడవ చంకనెత్తుకుంది. ఇంటివైపు తిరిగి, ఎవరితోనూ కానట్టు, "పులుసు చల్లారిపోతోంది," అంది.

సభ ముగిసింది.